డార్లింగ్టన్ స్టేషన్‌లో చారు ఫ్లాస్కు

మా అమ్మాయి ఇంగ్లండ్ ఉత్తరాన మిడిల్స్‌బ్రోలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఇల్లు డార్లింగ్టన్‌లో. రోజూ రైల్లో వెళ్ళి రైల్లో వస్తుంది, అరగంట ప్రయాణం. 2024 సెప్టెంబర్ నుంచి 2025 జనవరి దాకా నేను వాళ్ళింట్లో ఉన్నాను. ఆ ఐదు నెలలూ, సెలవు రోజులు తీసేస్తే, దాదాపు ప్రతి సాయంత్రం ఆమె రైలుకి ఎదురెళ్ళాను. స్ట్రోలర్‌లో మూడేళ్ళ మనవడు, సీటు కింది సంచిలో ఫ్లాస్కు నిండా మిరియాల చారు.

మొదట్లో అమ్మాయి వద్దంది. "చలిలో ఎందుకమ్మా, దిగాక పది నిమిషాల్లో ఇంట్లో ఉంటాను కదా" అంది. నిజమే. కానీ మధ్యాహ్నం ఎప్పుడో ఓ శాండ్‌విచ్ ముక్క తిని సాయంత్రం దాకా గడిపే మనిషి రైలు దిగగానే వేడిగా ఏదైనా గొంతులో పడాలని నాకు అనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది. అది ఆమెకు అప్పుడు చెప్పలేదు. రైలుకి తిండి పట్టుకుని ఎదురెళ్ళడం నాకు ఏడేళ్ళ వయసులో అలవాటైన పని.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ నది అవతల పాతపట్నం, అది ఆంధ్ర. మా నాన్న చిన్న రైలు గార్డు. నౌపడా నుంచి గుణుపురం దాకా 90 కిలోమీటర్ల లైను, పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. ఊళ్ళో ఎవరూ దాన్ని నేరోగేజ్ అనేవారు కాదు, చిన్న రైలు అనే అనేవారు. నౌపడాలో ఆగే మద్రాసు, హౌరా బళ్ళు పెద్ద రైళ్ళు.

పొద్దున నౌపడా నుంచి వచ్చిన బండి మధ్యాహ్నం మా ఊళ్ళో ఆగేది. ఇంజనుకి నీళ్ళు పట్టేవారు. ఆ కాసేపట్లో నేను బడి నుంచి ఇంటికి పరిగెత్తి, అమ్మ కట్టిన క్యారేజీ తీసుకుని స్టేషన్‌కి వెళ్ళాలి. మూడు గిన్నెల క్యారేజీ. కింద అన్నం, మధ్యలో పప్పు, పైన కూర. పనస రోజుల్లో ఆవ పెట్టిన పనసపొట్టు. వారంలో ఒకరోజు పక్కింటి ఒడియా ఆంటీ నేర్పిన దాల్మా, అంటే కూరముక్కలు వేసి ఉడికించిన పప్పు. బండి చివర గార్డు పెట్టె దగ్గర నిలబడి పైకి అందిస్తే నాన్న ఒంగి అందుకునేవారు. ఒక చేతిలో జెండాలు, ఇంకో చేతిలో క్యారేజీ. "బడికి లేటవుతుంది, పో" అనేవారు. నేను పోయేదాన్ని కాదు. ఆకుపచ్చ జెండా ఊగి, విజిల్ వేసి, బండి కదిలేదాకా అక్కడే ఉండేదాన్ని. సాయంత్రం ఖాళీ క్యారేజీ ఇంటికొచ్చేది. ఒక్కోసారి ఖాళీగా వచ్చేది కాదు. కాశీనగరం దగ్గర సవర వాళ్ళు అమ్మే సీతాఫలాలో, చింతపండు ముద్దో ఉండేవి.

అమ్మాయి డార్లింగ్టన్‌లో ఇల్లు తీసుకున్న కొత్తలో ఫోన్‌లో "మా స్టేషన్ ఈస్ట్ కోస్ట్ లైన్ మీద ఉందమ్మా" అన్నప్పుడు నేను ఒక్క క్షణం ఆగిపోయాను. మా పర్లాకిమిడి స్టేషన్ ఉన్నదీ ఈస్ట్ కోస్ట్ రైల్వేలోనే. 2003 ఏప్రిల్ 1న భువనేశ్వర్ కేంద్రంగా ఆ పేరుతో జోన్ వచ్చింది. వాళ్ళది ఈస్ట్ కోస్ట్ మెయిన్ లైన్. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరా దాకా 393 మైళ్ళు. అందులో డార్లింగ్టన్ లండన్‌కి ఉత్తరాన దాదాపు 232 మైళ్ళ దూరంలో ఉంది. మాకు తూర్పున బంగాళాఖాతం, వాళ్ళకు తూర్పున ఉత్తర సముద్రం. ఈ పేరు కలవడం ఏదో విధి అని నేను అనను. కానీ నాన్న బతికుంటే ముందు ఈ మాటే చెప్పేదాన్ని.

ఇక ఆ స్టేషన్ గురించి.

డార్లింగ్టన్‌లో స్టేషన్లు రెండు. ఊరి ఉత్తరాన చిన్నది, పాతది, నార్త్ రోడ్. మెయిన్ లైన్ రైళ్ళు ఆగే పెద్దది ఊరికి కాస్త ఎత్తులో ఉంటుంది. పాతవాళ్ళు దాన్ని బ్యాంక్ టాప్ అంటారు. ఇప్పుడున్న భవనం 1887లో తెరిచారు. నార్త్ ఈస్టర్న్ రైల్వే కంపెనీ ఆర్కిటెక్ట్ విలియం బెల్ దాన్ని గీశాడు. విక్టోరియా రోడ్డు వైపు నుంచి వెళితే ముందు గడియారం గోపురం కనిపిస్తుంది. నేను ఇంట్లో గడియారం చూసి బయల్దేరినా, రోడ్డు మలుపులో ఆ గోపురం గడియారం చూసుకుని నడక పెంచడమో తగ్గించడమో చేసేదాన్ని. లోపలికి వెళ్ళి, పట్టాల కింద దారిలోంచి పైకి వస్తే ఒక్కసారిగా కప్పు కనిపిస్తుంది. ఇనుప కమ్మీలు, అద్దాలు, మూడు పెద్ద వంపులు పక్కపక్కనే. కింద ఒకటే వెడల్పాటి ప్లాట్‌ఫారం, పట్టాల మధ్య దీవిలా. మొదటిరోజు మనవడు తల వెనక్కి వాల్చి "అమ్మమ్మా, బిగ్ గొడుగు" అన్నాడు. ఆ తర్వాత మా ఇద్దరికీ అది పెద్ద గొడుగు స్టేషనే.

ఆగే రైళ్ళే ఆ గొడుగు కిందికి వస్తాయి. ఆగని రైళ్ళు తూర్పు పక్కన, కప్పు బయట పట్టాల మీద వెళ్ళిపోతాయి. ఆ లైన్ మీద వేగం గంటకు 125 మైళ్ళ దాకా ఉంటుంది, అంటే 200 కిలోమీటర్లు. ఇక్కడ ఎంత వేగంతో వెళ్ళాయో తెలియదు కానీ, మనవడు చెయ్యి ఊపడం మొదలుపెట్టేలోపే అవి వెళ్ళిపోయేవి. అయినా వాడు మానలేదు. నేను ఉన్నప్పుడు ఆ తూర్పు వైపు కొత్త ప్లాట్‌ఫారాలు, కొత్త స్టేషన్ భవనం కడుతున్నారు. క్రేన్లు, నారింజ రంగు కోట్ల మనుషులు. వాడికి రైలు రాని సమయంలో అదే వినోదం.

ప్లాట్‌ఫారం మీద "చాయ్ చాయ్" అనే కేక లేదు. కాఫీ కొట్టు ఉంది, లోపలికి వెళ్ళి కొనుక్కోవాలి. మైకులో మాత్రం కొద్దికొద్దిసేపటికి ఒకటే మాట, అనుమానంగా ఏదైనా కనిపిస్తే చెప్పమని, చివర్లో "సీ ఇట్, సే ఇట్, సార్టెడ్". మనవడు నేర్చుకున్న మొదటి పూర్తి ఇంగ్లిష్ వాక్యం బహుశా అదే. ఇంట్లో చెంచా కింద పడినా అదే అనేవాడు.

అక్టోబర్‌లో ఒకరోజు బెంచీ మీద నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నారు. ఎనభై ఏళ్ళు పైబడి ఉంటాయి. ఆ ప్రాంతపు ఇంగ్లిష్ నాకు సగమే అర్థమవుతుంది, ఆయన ఓపికగా రెండుసార్లు చెప్పారు. ఫ్లాస్కు చూసి ఏమిటని అడిగారు. "సూప్, మిరియాలతో" అన్నాను. ఎవరికోసమని అడిగారు. చెప్పాను. మా నాన్న కూడా రైల్వే అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన నాన్న నార్త్ రోడ్ ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేశారట. ఆ ఫ్యాక్టరీ 1863లో మొదలై 1966లో మూతపడింది. చిన్నప్పుడు ఊరికెళ్ళొచ్చే నాన్న కోసం ఇదే ప్లాట్‌ఫారం మీద ఎదురు చూసేవారట. అప్పుడు ఇక్కడ ఒక పాత ఇంజను ఉండేది, దానికి ఆనుకుని నిలబడేవాడిని అని చేత్తో చూపించారు.

ఆ ఇంజను లోకోమోషన్ నంబర్ 1. ఇంటికి వచ్చాక అమ్మాయిని కూర్చోబెట్టి ఆ కథంతా చదివించుకున్నాను. ఈ చుట్టుపక్కల గనుల బొగ్గును టీస్ నది ఒడ్డున ఉన్న స్టాక్టన్ రేవుకి చేర్చాలని డార్లింగ్టన్ ఉన్ని వర్తకుడు ఎడ్వర్డ్ పీస్, ఇంకొందరు కలిసి ఒక రైలు దారి వేయించారు. ఇంజనీరు జార్జ్ స్టీవెన్సన్. 1825 సెప్టెంబర్ 27న ఆ ఇంజనును ఆయనే నడిపాడు. వెనక వ్యాగన్లలో బొగ్గు, పిండి బస్తాలు, వాటి మీదా పక్కనా వందలమంది జనం. ఆవిరి ఇంజను లాగిన బండిలో మనుషులు ప్రయాణించిన పబ్లిక్ రైల్వే అదే మొదటిది. పని అయిపోయాక ఆ ఇంజనును 1857లో నార్త్ రోడ్ స్టేషన్ ఎదుట నిలబెట్టారు. 1892లో ఈ పెద్ద స్టేషన్ ప్లాట్‌ఫారం మీదికి తెచ్చారు. 1975 దాకా ఇక్కడే ఉంది. ఎనభై మూడేళ్ళ పాటు ఈ ఊరి పిల్లలు రైలు కోసం ఎదురు చూస్తూ దాని చక్రాలు తడిమారన్నమాట. తర్వాత నార్త్ రోడ్ మ్యూజియానికి వెళ్ళింది. 2021లో దాన్ని దగ్గర్లోని షిల్డన్ మ్యూజియానికి తరలించేముందు ఊరివాళ్ళు ఒప్పుకోలేదు, పెద్ద గొడవే జరిగింది. ఒక పాత ఇనుప వస్తువు కోసం ఊరు ఊరంతా మాది అని అడగడం నాకు చాలా నచ్చింది.

ఆ ముసలాయన ఇంకో సంగతి చెప్పారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా ఈ ఊళ్ళో ఒక కొత్త ఆవిరి ఇంజను పుట్టింది. పేరు టోర్నాడో. మామూలు మనుషులు నెలనెలా కొద్దికొద్దిగా వేసుకున్న చందాలతో, పద్దెనిమిదేళ్ళు పట్టి, 2008లో పూర్తయింది. మెయిన్ లైన్ మీద నిజంగా నడిచే ఇంజను. ఆయన కూడా ఎన్నో ఏళ్ళు చందా కట్టారట. "మా నాన్న చూసి ఉంటే బాగుండేది" అన్నారు. ఆ మాట మాత్రం నాకు మొదటిసారే అర్థమైంది.

మా అమ్మాయి రైలు వచ్చేది కూడా కొంతదూరం ఆ 1825 దారి మీదే. మిడిల్స్‌బ్రో, థోర్నబీ, ఈగల్స్‌క్లిఫ్, డిన్స్‌డేల్, డార్లింగ్టన్. ఆమెకు ఆ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. మూడేళ్ళుగా ఫోన్ చూసుకుంటూ ఆ దారిలో వస్తోంది. ఒక ఆదివారం ముగ్గురం అటువైపు, అంటే బిషప్ ఆక్లండ్ వైపు బండెక్కాం. నార్త్ రోడ్‌కి ముందు స్కెర్న్ అనే చిన్న నది మీద వంతెన దాటాం. అది 1825 నాటిది, ఇప్పటికీ దానిమీద రైళ్ళు నడుస్తున్నాయి. ఒకప్పుడు ఐదు పౌండ్ల నోటు మీద స్టీవెన్సన్ బొమ్మతో పాటు ఆ వంతెన బొమ్మ కూడా ఉండేది. హైయింగ్టన్ అనే స్టేషన్ దగ్గర పెద్ద ఫ్యాక్టరీ కనిపించింది. జపాన్ కంపెనీ హిటాచీ 2015లో తెరిచిన రైళ్ళ ఫ్యాక్టరీ అది. లోకోమోషన్‌ను మొట్టమొదట పట్టాల మీద దించింది కూడా అక్కడే. నేను లేచి నిలబడి కిటికీలోంచి చూశాను. మనవడు నిద్రపోయాడు.

పట్టాల వెడల్పు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాన్న ఇంట్లో ఎక్కువ మాట్లాడింది దాని గురించే. స్టీవెన్సన్ వాడిన వెడల్పు నాలుగు అడుగుల ఎనిమిది అంగుళాలు. తర్వాత ఇంకో అరంగుళం కలిసి అదే ప్రపంచంలో ఎక్కువ దేశాలకు కొలత అయింది. మన దేశంలో పెద్ద లైన్లకు ఐదున్నర అడుగులు పెట్టారు. మద్రాసు, కలకత్తా లైను మా ఊరికి రాలేదు, నౌపడా మీదుగా పోయింది. అప్పుడు పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి తన ఖర్చుతో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న లైను వేయించారు. 1900 ఏప్రిల్ 1న అది మొదలైంది. 1931 నాటికి గుణుపురం దాకా వెళ్ళింది. వెడల్పు తక్కువైతే ఖర్చు తక్కువ, మలుపులు సులువు. కష్టమంతా నౌపడాలో. పెద్ద పట్టాలూ చిన్న పట్టాలూ అక్కడ పక్కపక్కనే ఉంటాయి, కానీ ఒక బండి రెండో దానిమీదికి పోదు. ఈ వ్యాగన్లోంచి దించిన ప్రతి బస్తానూ ఆ వ్యాగన్లోకి ఎక్కించాలి. బియ్యం, ఉప్పు, చింతపండు, వెదురు, అన్నీ కూలీల వీపుల మీదుగానే. నాన్న అన్నం తింటూ ఆ కూలీల లెక్క చెప్పేవారు, ఫలానా రోజు ఎన్ని బస్తాలు మారాయి, వానకి ఎన్ని తడిశాయి అని. నాన్న 1989లో రిటైరయ్యారు, 2003లో పోయారు. 2004లో చిన్న రైలు ఆపేసి పట్టాలు పీకారు. 2010లో మా ఊరికి, 2011లో గుణుపురానికి పెద్ద పట్టాల మీద బండి వచ్చింది. ఇప్పుడు నౌపడాలో బస్తా మార్చక్కర్లేదు. అది మంచిదే, ఆ వీపులు చూసినదాన్ని కాబట్టి మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ ఆ చిన్న పట్టాల మధ్య రెండు కాళ్ళూ చాపి నిలబడితే అటూ ఇటూ అందేవి. మనవడికి అది చూపించలేను.

డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున్నుంచి గాలివాన. అక్కడ ఆ నెలలో నాలుగు కాకముందే సూర్యుడు వెళ్ళిపోతాడు. ఐదున్నరకి అర్ధరాత్రిలా ఉంటుంది. మేం స్టేషన్‌కి వెళ్ళేసరికి బోర్డు మీద అమ్మాయి రైలు ఎదురుగా రద్దు అని ఉంది. తర్వాతది ఆలస్యం. దారిలో ఎక్కడో చెట్టు పడిందన్నారు. నా ఫోన్ చలికి ఆగిపోయింది. మనవడు ఏడుపు. నాకు టెన్షన్, చేతులు వణుకు. ఒక ఉద్యోగిని వచ్చి మమ్మల్ని వెయిటింగ్ రూమ్‌లో హీటర్ పక్కన కూర్చోబెట్టింది. తన ఫోన్ ఇచ్చింది. అమ్మాయి నంబర్ చీటీ మీద రాసి స్ట్రోలర్ సంచిలో పెట్టుకున్నాను, ఫోన్లో ఉన్నా సరే. గార్డు కూతురిని. చేశాను. "అమ్మా, ఈగల్స్‌క్లిఫ్‌లో ఆగిపోయాం, భయపడకు, బండి లోపలే ఉన్నాను" అంది.

చిన్నప్పుడు కూడా ఇలాంటి రోజులు ఉండేవి. వంశధార పొంగినప్పుడు బండి ఎక్కడో ఆగిపోయేది. స్టేషన్ మాస్టర్ గారు బయటికి వచ్చి "లైన్ క్లియర్ రాలేదమ్మా, క్యారేజీ ఇంటికి పట్టుకెళ్ళు" అనేవారు. అమ్మ ఆ అన్నం పారేసేది కాదు. మూత పెట్టి, మళ్ళీ వేడిచేసి, ఏ రాత్రికి వస్తే ఆ రాత్రికి పెట్టేది. తను అప్పటిదాకా తినేది కాదు. నేను పడుకున్నాక కూడా వంటింట్లో దీపం ఉండేది.

ఆ రాత్రి అమ్మాయి బండి ఒక గంటా ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. తలుపు తెరుచుకోగానే మనవడు "సీ ఇట్, సే ఇట్" అని అరిచాడు. అమ్మాయి అక్కడే బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కు మూతలో పోసుకుని చారు తాగింది. ఇంకా వేడిగానే ఉంది. రెండో మూత నింపి హీటర్ దగ్గర కూర్చోబెట్టిన ఆ ఉద్యోగినికి ఇచ్చాను. ఒక గుక్క తాగి దగ్గింది, మళ్ళీ తాగింది. అప్పుడు అమ్మాయికి చెప్పాను, ఏడేళ్ళప్పటి క్యారేజీ సంగతి. తాతయ్య గార్డు అని తనకు తెలుసు, కానీ మధ్యాహ్నం అన్నం ఎవరు మోసేవారో తెలియదు. నేనే ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికి నడుస్తూ "కూర ఏముండేదమ్మా?" అని అడిగింది. పనసపొట్టు అన్నాను. అక్కడ డబ్బాల్లో దొరికే పనసకాయతో ఆ ఆదివారం చేశాం. అది పొట్టు కాదు, ముక్కలు. ఆవ మాత్రం సరిగ్గా కుదిరింది.

జనవరిలో నేను బయల్దేరిన రోజు లండన్ బండి కోసం ముగ్గురం ఆ గొడుగు కింద నిలబడ్డాం. అల్లుడు పెట్టెలు ఎక్కించాడు. అమ్మాయి నా చేతిలో ఒక డబ్బా పెట్టింది. పులిహోర. తెల్లవారుజామున లేచి చేసిందట. బండి కదిలాక కూడా వాళ్ళు కదల్లేదు.

పర్లాకిమిడి తిరిగొచ్చాక అమ్మాయి రోజూ రైల్లోంచి ఫోన్ చేస్తుంది. వాళ్ళకి సాయంత్రం, చలికాలంలో మనకి రాత్రి పదకొండున్నర. "డిన్స్‌డేల్ దాటాం" అంటుంది, తర్వాత "దిగాను" అంటుంది. అప్పుడు వంటింట్లో దీపం ఆర్పుతాను. నిన్న ఆరు నిమిషాలు లేటు.